సొంతంగా చెట్ల కోత పని మొదలుపెడుతున్నా, మొదటి పనే 11 కేవీ లైన్ పక్కన పెద్ద వేపచెట్టు. సలహా చెప్పండి

కల్వకుర్తి_కోత:

అందరికీ నమస్తే. మాది కల్వకుర్తి దగ్గర పల్లె. ఇంటర్ అయినప్పటి నుంచి ఒక మేస్త్రీ దగ్గర చెట్ల కోత పనికి పోతున్నా. ఎక్కువగా సర్కారు తుమ్మ కోసి బొగ్గు బట్టీలకు లోడు ఎత్తడం, అప్పుడప్పుడు పొలం గట్ల మీద చెట్లు తీయడం. చైన్ రంపం మిషన్ నడపడం వచ్చు. కానీ మేస్త్రీ ఎప్పుడూ ఏ కాగితం పెట్టాడో, ఎవరిని అడిగాడో మాకు చెప్పలేదు, మేము పోయి కోసి వచ్చేవాళ్లం, అంతే.

ఇప్పుడు సొంతంగా మొదలుపెడదామని ఉంది. దేవరకొండలో తెలిసినవాళ్ల ఇంటి ఆవరణలో పెద్ద వేపచెట్టు ఉంది, బాగా ముసలిది. పోయిన చలికాలం నుంచి కొమ్మల చివర్లు ఎండిపోయాయి, చెట్టు చచ్చిపోయింది మొదలుకంటా తీసేయమని ఇంటాయన అంటున్నాడు. కర్ర తీసుకోవడానికి టింబర్ డిపో ఆయన కూడా రెడీగా ఉన్నాడు. వీధి వైపు కొమ్మలు 11 కేవీ లైన్‌కు దగ్గరగా ఉన్నాయి. దాని గురించే టెన్షన్.

ఇంటి చెట్టుకు కూడా పర్మిషన్ కావాలా? లైన్ సంగతి ఎవరితో మాట్లాడాలి? ఇంకా మిషన్, ఆన్‌లైన్‌లో 58 సీసీది సగం రేటుకే వస్తోంది, షాపులో కంపెనీ మిషన్ చిన్నదే ఎక్కువ చెబుతున్నారు. ఏది తీసుకోవాలి? మా ఇంట్లో నా సంపాదన మీదే నడవాలి, అందుకే ముందే అడుగుతున్నా.

మిర్యాలగూడ_మిషన్:

తమ్ముడూ, మిషన్ గురించి నేను చెప్తా, మిగతాది తెలిసినవాళ్లు చెబుతారు. సీసీ, అంటే ఇంజన్ సైజు చూసి కొనొద్దు. నీ పనికి ముందు కావలసింది మంచి చైన్ బ్రేక్ (మిషన్ ఎగిరితే చైనును ఆపేది), ఊరిలోనో పక్క టౌన్‌లోనో దొరికే స్పేర్లు, బాగు చేసే మనిషి. ఆ చవక మిషన్లలో చైన్ బ్రేక్ పేరుకు ఉంటుంది కానీ టైముకు పట్టదు, వైబ్రేషన్ ఎక్కువ, సాయంత్రానికి వేళ్లు తిమ్మిరెక్కి గ్లాసు కూడా పట్టుకోలేవు. కొమ్మల పనికి, ఇళ్ల దగ్గర పనికి 14 లేదా 16 అంగుళాల బారు (చైను తిరిగే పొడవాటి పట్టీ) ఉన్న చిన్న కంపెనీ మిషన్ చాలు. పెద్ద మొదళ్లకు పెద్దది అద్దెకు తెచ్చుకో, పని పెరిగాక కొనుక్కో.

కొన్నాక దాన్ని చూసుకోవడం ఇంకా ముఖ్యం. పెట్రోల్‌లో 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) లెక్క మిషన్ పుస్తకంలో ఎలా ఉంటే అలానే కలుపు. కంపెనీ వాళ్ల ఆయిల్ అయితే సాధారణంగా 1:50 అంటారు, అంటే లీటరుకు 20 మిల్లీ. మామూలు 2టీ ఆయిల్ అయితే 1:25, లీటరుకు 40 మిల్లీ. అందాజగా పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ కలిసిన పెట్రోల్, అది గాలిలో తేమను లాగుతుంది, కాబట్టి వారానికి సరిపడా మాత్రమే కలుపుకో, పని లేని రోజుల్లో ట్యాంక్ ఖాళీ చేసి, కార్బరేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా నడిపి పక్కన పెట్టు. చైనుకు వేస్ట్ ఇంజన్ ఆయిల్ పోస్తారు చాలామంది. అందులో అరిగిన ఇనుప పొడి ఉంటుంది, బారు, ఆయిల్ పంపు రెండూ తినేస్తుంది. బార్ ఆయిల్ కొను.

కిక్‌బ్యాక్ గురించి మీ మేస్త్రీ చెప్పాడో లేదో. బారు ముక్కు పైభాగం దేనికైనా తగిలితే మిషన్ కన్ను మూసి తెరిచేలోపు మొహం మీదకు లేస్తుంది. ముక్కుతో కోయకు, భుజం కంటే పైకి ఎత్తి కోయకు, ఎడమ చేతి బొటనవేలు హ్యాండిల్ కిందుగా చుట్టి పట్టుకో. నిచ్చెన మీద నిలబడి మిషన్ నడపడం అసలు వద్దు.

హెల్మెట్, కంటి జాలి, చెవులకు మఫ్, కాళ్లకు చైను కోత తగలకుండా ఆపే ప్యాంటు. ఈ ప్యాంటు లోపల పొడవాటి దారాలు ఉంటాయి, చైను తగలగానే ఆ దారాలు లాక్కుపోయి చైనును తిప్పే పళ్ల చక్రంలో చుట్టుకుని చైను ఆగిపోతుంది. ఎండకు వేడిగా ఉంటుంది, మన దగ్గర ఏప్రిల్‌లో వేసుకోవడం నిజంగా కష్టం, అయినా వేసుకో. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదింటికల్లా మిషన్ పని ముగించు, తర్వాత ముక్కలు సర్దుకోవచ్చు.

బీట్_రిటైర్డ్:

నేను అటవీ శాఖలో పనిచేసి దిగాను, ఎక్కువ కాలం నల్లమల వైపే. కాగితాల సంగతి నేను చెబుతాను బాబూ, కాస్త పొడవవుతుంది.

ఇంటి ఆవరణలో చెట్టు అయినా, సొంత పట్టా భూమిలో చెట్టు అయినా ఇష్టం వచ్చినట్టు కొట్టడానికి లేదు. 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉంది, నీరు, భూమి, చెట్టు మూడింటికీ కలిపి చేసిన చట్టం. బోరు వేయడానికి వాల్టా పర్మిషన్ అని రైతులందరికీ తెలుసు, చెట్టుకు కూడా అదే చట్టం అని చాలామందికి తెలియదు. చెట్టు కొట్టాలంటే అటవీ శాఖకు దరఖాస్తు పెట్టాలి, వాళ్లు వచ్చి చెట్టు చూస్తారు, కారణం సరైనదైతే అనుమతి ఇస్తారు, బదులుగా మొక్కలు నాటాలన్న షరతు ఉంటుంది. దరఖాస్తు చెట్టు యజమాని పేరు మీద ఉండాలి, నీ పేరు మీద కాదు. అనుమతి కాగితం కాపీ నీ దగ్గర లేకుండా మిషన్ స్టార్ట్ చేయకు. మొదలు చుట్టూ బెరడు ఒలిచి ఎండబెట్టడం, వేర్ల దగ్గర నిప్పు పెట్టడం, యాసిడ్ పోయడం, ఇవన్నీ చేసి తర్వాత "చచ్చిపోయింది సార్" అని వచ్చేవాళ్లను నేను చాలామందిని చూశాను. అదీ నేరమే.

వేపచెట్టుకు ఎవరు అడుగుతారు అనుకోవద్దు. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ సైదాబాద్‌లో ఇల్లు కట్టుకోవడానికి నలభై ఏళ్ల వేపచెట్టును రాత్రికి రాత్రి కొట్టేస్తే, ఎనిమిదో తరగతి పిల్లవాడు అటవీ శాఖకు ఫోన్ చేసి చెప్పాడు. 62,075 రూపాయల జరిమానా పడింది. ఆ పిల్లవాడిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

మీరు కోసిన సర్కారు తుమ్మ వేరే సంగతి. సర్కారు తుమ్మ, జామాయిల్, సుబాబుల్, సరుగుడు లాంటి వాటికి మినహాయింపు ఉంది. మీ మేస్త్రీ కాగితం లేకుండా నడిపింది అందుకే అయ్యుండొచ్చు. కానీ ఆ అలవాటుతో టేకు ముట్టుకుంటే ఇరుక్కుంటావు. పట్టా టేకు అయితే రైతు పాసుపుస్తకంతో దరఖాస్తు పెట్టాలి, రేంజ్ ఆఫీసు వాళ్లు వచ్చి చెట్లు లెక్కపెట్టి కొలతలు రాసుకుంటారు, కోశాక దుంగల మీద అటవీ శాఖ సుత్తి ముద్ర పడాలి, రవాణాకు ట్రాన్సిట్ పర్మిట్ తీసుకోవాలి. పర్మిట్ లేని కలప బండి దొరికితే కలప ఒక్కటే పోదు. 1967 అటవీ చట్టం కింద బండిని కూడా జప్తు చేసే అధికారం ఉంది, కోర్టు కేసు వేరు, జప్తు వేరు. ట్రాక్టర్ మీద ఫైనాన్స్ ఉందని బతిమాలినా ఆగదు. కాబట్టి ఆ టింబర్ డిపో ఆయనను "నీ లైసెన్స్ ఏది, కర్ర ఏ కాగితం మీద తీసుకెళ్తావు" అని ముందే అడుగు. సమాధానం చెప్పకుండా "నేను చూసుకుంటా" అంటే ఆయనతో పని పెట్టుకోకు.

తాటి, ఈత చెట్లు తీయమని ఎవరైనా పిలిస్తే అది ఎక్సైజ్ శాఖ పరిధి కూడా. గీత కార్మికుల బతుకు దాని మీద ఉంది, అడగకుండా కొడితే కేసు అవుతుంది. ఇక మీ కల్వకుర్తి నుంచి అచ్చంపేట, మన్ననూరు వైపు పని వస్తే చాలా జాగ్రత్త. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. అక్కడ 1972 వన్యప్రాణి చట్టం కూడా వర్తిస్తుంది. రిజర్వు ఫారెస్టు హద్దు రాయి ఎక్కడుందో బీట్ ఆఫీసర్‌ను అడిగి, ఆయన చూపించాకే పక్క పట్టాలో పనికి దిగాలి. "ఇది మా పొలమే" అన్న రైతు మాట ఒక్కటే చాలదు.

లైన్_డ్యూటీ:

కరెంటు పనిలో ఉన్నవాడిగా నేను చెప్పేది ఒకటే. ఎల్‌సీ లేకుండా చెట్టు మీద కాలు పెట్టకు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్, లైన్‌లో కరెంటు ఆపి పనికి ఇచ్చే అనుమతి. మీ ఏరియా లైన్‌మన్ ద్వారా సెక్షన్ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) కలిసి, ఇంటాయనతో లెటర్ పెట్టించు. వాళ్లు రోజు, టైము చెబుతారు. ఆ టైముకు సబ్‌స్టేషన్ నుంచి ఫీడర్ ఆపి, స్తంభం మీద లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ తీసి, పని జరిగే చోట లైన్‌ను ఎర్త్ చేసి, లైన్‌మన్ స్వయంగా వచ్చి నీకు సరే అనాలి. పని అయ్యాక నువ్వు, నీ మనుషులు, తాళ్లు అన్నీ కిందకు వచ్చాయని చెప్పేదాకా లైన్ మళ్లీ ఛార్జ్ కాదు.

కరెంటు పోయింది కదా ఇప్పుడే రెండు కొమ్మలు కొట్టేద్దాం అని ఎక్కేవాళ్లు ఉన్నారు. పోయిన కరెంటు ఏ క్షణమైనా వస్తుంది. ఎవరి ఇంట్లోనో జనరేటర్ తప్పుగా కలిపి ఉంటే ఆగిన లైన్‌లోకి కూడా వెనక్కి కరెంటు వస్తుంది, ఎర్త్ చేసేది అందుకే. పచ్చి కొమ్మలో నీరు ఉంటుంది, కరెంటు పారుతుంది. 11 కేవీకి నువ్వు తగలాల్సిన పని కూడా లేదు, దగ్గరికి పోతే చాలు దూకుతుంది. కొమ్మ లైన్ మీద పడి ఉంటే లాగొద్దు, దూరంగా నిలబడి కరెంటోళ్ల నంబరు 1912కు ఫోన్ చెయ్యి.

లైన్‌కు తగిలే కొమ్మలు తీయించడం మా డిపార్ట్‌మెంట్ పని కూడా. వానాకాలం ముందు ట్రీ కటింగ్ చేస్తుంటారు. అడిగితే వీధి వైపు కొమ్మల వరకు వాళ్ల మనుషులే తీసేయొచ్చు, నీకు ప్రమాదమైన సగం పని తప్పుతుంది.

కల్వకుర్తి_కోత:

అందరికీ చాలా థాంక్స్ అన్నలూ. పర్మిషన్ సంగతి ఇంటాయనకు ఫోన్‌లో చెప్పా, మొదట కోపం చేశాడు, జరిమానా సంగతి చెప్పాక ఆగాడు. పొద్దున పోయి చెట్టు దగ్గరగా చూశా. చివరి రెమ్మలు గోధుమ రంగులో మాడినట్టు ఉన్నాయి, కొన్ని కొమ్మల మధ్యలో మాత్రం చిన్న ఎర్ర చిగుళ్లు ఉన్నాయి. మొదలు దగ్గర ఒక పక్క చెదలు మట్టి కట్టింది. ఇది నిజంగా చచ్చినట్టా?

ఉద్యాన_పాలమూరు:

చిగురు ఉంది అంటున్నారు కదా, అది చచ్చిన చెట్టు కాదు. దయచేసి కొట్టకండి. నేను మొక్కల పనిలోనే ఉంటాను, ఈ వేపల గురించి రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు.

2021 నుంచి తెలంగాణ అంతటా వేపచెట్లకు ఈ కొన ఎండు తెగులు కనబడుతోంది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు లేత చిగుళ్లను గుచ్చి రసం పీల్చే టీ దోమ అనే పురుగు. వానలతో మొదలై, వానాకాలం చివర్లో, చలికాలం మొదట్లో బాగా ముదురుతుంది. చెట్టంతా కాల్చినట్టు కనబడుతుంది, చూసినవాళ్లు చచ్చిపోయిందని గొడ్డలి తెస్తారు. ఎండలు మొదలయ్యాక చాలా చెట్లు మళ్లీ చిగురు వేస్తాయి. మన మహబూబ్‌నగర్, నల్గొండలాంటి ఎండ ప్రాంతంలో ఇంటి ముందు ముసలి వేప నీడ పోతే అది తిరిగి రావడానికి ఒక తరం పడుతుంది.

పరీక్ష సులభం. కొమ్మ మీద బెరడును గోరుతోనో చాకు మొనతోనో కొద్దిగా గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే బతికి ఉంది. గోధుమగా, పొడిగా ఉంటే ఇంకాస్త వెనక్కి వచ్చి గీకండి, పచ్చ ఎక్కడ మొదలైందో అక్కడి దాకా మాత్రమే ఎండింది. ఆ ఎండిన రెమ్మలు కత్తిరించి, కిందపడ్డ వాటితో కలిపి కాల్చేయండి, తెగులు వాటిలోనే ఉంటుంది. మందు పేరు, మోతాదు మీ క్లస్టర్ ఏఈఓని (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడిగి వాడండి, ఇంత పెద్ద చెట్టుకు పిచికారీ పైదాకా అందేలా చేయడం కూడా ఒక పనే.

చెదలు చూసి భయపడనక్కర్లేదు. మన మహబూబ్‌నగర్ పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రి సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. 2017 డిసెంబర్‌లో పెద్ద కొమ్మ విరిగిపడింది, చెదలు తొలిచేశాయి. కొట్టేయలేదు కదా. మొదట కాండంలో రంధ్రాలు చేసి మందు పోశారు, సరిగా ఎక్కలేదు, తర్వాత క్లోరోపైరిఫాస్ కలిపిన సెలైన్ సీసాలు కొమ్మలకు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. బరువైన కొమ్మల కింద సిమెంటు స్తంభాలు కట్టారు, ఊడలను పైపుల్లోంచి నేలలోకి దింపారు. ఏడు వందల ఏళ్ల చెట్టు అంటారు, ఇప్పటికీ నిలబడి ఉంది. మీ వేపకు ముందు మట్టి గూడు రాల్చి, మొదలును సుత్తితో తట్టి చూడండి. డొల్ల శబ్దం ఎంత చుట్టూ వస్తోందో గమనించండి. ఒక పక్కకే ఉంటే కొమ్మల బరువు తగ్గించి కాపాడొచ్చు. చుట్టూ డొల్ల అయి, చెట్టు ఇంటి మీదకు వాలి ఉంటే అది వేరే మాట, అప్పుడు తీసేయమనే నేనూ చెబుతాను.

కొమ్మ తీసే పద్ధతి మాత్రం మార్చుకోండి. మన దగ్గర అందరూ కొమ్మలన్నీ మధ్యలో నరికి చెట్టును మోడు చేస్తారు. ఆ మోడు పక్కల నుంచి గుత్తులుగా కొత్త రెమ్మలు వస్తాయి, అవి పైపైన అతుక్కుని ఉంటాయి, రెండు మూడేళ్లలో లావెక్కి గాలికి విరిగి పడతాయి. కొమ్మ తీయాలంటే అది పుట్టిన చోటు దాకా వెళ్లి తీయాలి. ముందు మొదలుకు జానెడు దూరంలో కొమ్మ కింది నుంచి కొద్దిగా కోయండి, దానికి కాస్త బయటగా పై నుంచి కోస్తే కొమ్మ బెరడు చీల్చకుండా పడుతుంది, మిగిలిన ముక్కను చివరగా తీయండి. కాండం దగ్గర ఉబ్బెత్తుగా కంకణంలా ఉంటుంది చూడండి, దాన్ని కోయొద్దు. చెట్టు గాయం మూసుకునేది దాంతోనే.

మిర్యాలగూడ_మిషన్:

మేడం చెప్పింది కరెక్ట్. కోసిన చోట బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) కూడా పూయమని చెప్పండి, బత్తాయి తోటల్లో మేము ఎప్పుడూ పూస్తాం.

ఉద్యాన_పాలమూరు:

బత్తాయికి పూయండి, అక్కడ తెగుళ్లు వేరు. పెద్ద వేపలకు, మర్రులకు కంకణం వదిలి నున్నగా కోస్తే ఏమీ పూయకపోయినా గాయం మూసుకుంటుంది. తారు, పెయింట్ మాత్రం పూయకండి, లోపల తడి ఉండిపోయి కుళ్లుతుంది. బోర్డో పేస్ట్ పూస్తే నష్టం లేదు, కానీ తప్పుగా కోసిన చోట ఏ పేస్టూ పనిచేయదు.

కల్వకుర్తి_కోత:

మేడం, గీకి చూశా. పెద్ద కొమ్మలన్నీ లోపల పచ్చగానే ఉన్నాయి. ఇంటాయన తల్లిగారు ముసలమ్మ బయటకు వచ్చి, అది ఆమె కోడలిగా వచ్చినప్పటి చెట్టు అని చెప్పింది, కొడుకు ఇంకేమీ అనలేదు. ఎండు కొమ్మలు తీయడం, ఇంటి మీద బరువు తగ్గించడం వరకు ఒప్పుకున్నాడు. రేంజ్ ఆఫీసులో కూడా ఒక మాట చెప్పి పెడతా. లైన్ వైపుకు లెటర్ రాయించా. కూలి మొత్తం చెట్టు కొట్టినదానికంటే తక్కువే వస్తుంది, ఫర్వాలేదు, ప్రతి ఏడాది చూసే పని ఇస్తానన్నాడు.

ఇప్పుడు పైకి ఎక్కడం. మా మేస్త్రీ దగ్గర నడుముకు మామూలు తాడు కట్టుకుని ఎక్కేవాళ్లం. ఏం వాడాలి?

మోకు_ముస్తాదు:

మాది తాటి వనాల కుటుంబం, నకిరేకల్ వైపు. ఎక్కడం గురించి నన్ను అడుగు తమ్మీ.

మోకుతో, అంటే గీత కార్మికులు చెట్టెక్కే తాడుతో, తాటి ఎక్కడం వేరు, వేప ఎక్కడం వేరు. తాటికి కొమ్మలు ఉండవు, మోకు జారితే మనిషి నేలకే. మా వాళ్లు ఎంతమంది అలా పడి నడుములు విరిగి మంచాన ఉన్నారో ఊరూరా చూడొచ్చు. 2024 జూలైలో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం అని గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అందులో బెల్టు తొడలకు, నడుముకు కలిపి ఉంటుంది, జారినా తాడు పట్టుకుంటుంది. నడుముకు ఒక్క తాడు కట్టుకుంటే పడ్డప్పుడు ఆ తాడే పొట్టలో కోస్తుంది, పక్కటెముకలు విరగ్గొడుతుంది.

నీకు కావలసింది తొడల బెల్టు ఉన్న ఫుల్ బాడీ హార్నెస్, ఎక్కేటప్పుడు వాడే అసలు తాడు, కోసేటప్పుడు కాండం చుట్టూ తిప్పి కట్టుకునే రెండో తాడు. ఆ రెండోది లోపల ఇనుప తీగ ఉన్నది తీసుకో, మిషన్ తగిలినా వెంటనే తెగదు. ఎప్పుడూ రెండు చోట్ల కట్టి ఉండాలి, ఒకటి విప్పి మార్చేటప్పుడు ఇంకొకటి ఉండాలి. అసలు తాడు వేసే పంగ పచ్చిదా అని పైన మేడం చెప్పినట్టు గీకి చూడు, ఎండు పంగకు ప్రాణం అప్పగించకు. తేనెటీగల పట్టు, కందిరీగల గూడు ఉందా అని కింద నుంచే చూసుకో, పైన కట్టేసుకుని ఉన్నప్పుడు పారిపోలేవు. పైకి మిషన్ తీసుకెళ్లకు ఇప్పుడే. ఎండు కొమ్మలకు చేతి రంపం చాలు, వంపు రంపం దొరుకుతుంది, మంచిది తీసుకో. కింద ఒక మనిషి ఉండాలి, అతను నీ కొమ్మలు ఎత్తడు, నిన్నే చూస్తుంటాడు.

ఇంటి మీదున్న కొమ్మను నేరుగా వదలకు. పైనున్న పచ్చి పంగలోంచి తాడు తిప్పి, కొమ్మకు కట్టి, కింద మనిషి ఆ తాడును చెట్టు మొదలుకు రెండు చుట్లు వేసి మెల్లగా వదలాలి. చేతికి చుట్టుకుని పట్టుకోవద్దని చెప్పు, వేళ్లు పోతాయి. ముక్కలు చిన్నవిగా తియ్యి.

బీట్_రిటైర్డ్:

ఇంకొక మాట. బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టు, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే ఇంటివాళ్లకు 2 లక్షలు. నీతో వచ్చే కూలీల చేత కూడా కట్టించు, అసంఘటిత కార్మికుల కోసం ఉన్న ఈ-శ్రమ్‌లో పేర్లు నమోదు చేయించు. రేపు నీ పనిలో ఒకడికి దెబ్బ తగిలితే బాధ్యత నీదే, చట్టం ప్రకారం పని ఇచ్చినవాడే పరిహారం కట్టాలి. మేస్త్రీ దగ్గర నిన్ను ఎవరూ అడగలేదు, ఇప్పుడు నిన్ను అడుగుతారు.

కల్వకుర్తి_కోత:

ఇవాళే బ్యాంకుకు పోతున్నా సార్. అన్నా, మిర్యాలగూడ అన్నా, చిన్న కంపెనీ మిషన్‌కు బయానా ఇచ్చేశా, 16 అంగుళాల బారు, చైను 3/8 చిన్న రకం. ఆకురాయి ఏ సైజు తీసుకోవాలి?

మిర్యాలగూడ_మిషన్:

చిన్న 3/8 అంటే 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి. 30 డిగ్రీల గీత ఉన్న గైడ్ కూడా అడుగు, అదే షాపులో ఉంటుంది. ముందుకు మాత్రమే రుద్దు, వెనక్కి లాగకు, ప్రతి పంటికీ అన్నే రుద్దులు, లేకపోతే కోత ఒక పక్కకు పోతుంది. రంపపు పొట్టు పిండిలా రాలుతుంటే చైను మొద్దుబారిందని లెక్క, ఆపి పదును పెట్టు. చేతులకు గ్లౌజులు వేసుకో.